రోజుకో పేజీ: పందొమ్మిదో రోజున ఆగిపోయిన నా స్కెచ్‌బుక్

సిరామరక · ఫిబ్రవరి 8, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ మూడేళ్లుగా చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

జనవరి 1న మొదలుపెట్టాను. రోజుకో పేజీ, పెన్నుతో గీత, పైన నీటిరంగు. మొదటి బొమ్మ నుమాయిష్ గేటు బయట మిర్చిబజ్జీ బండి. పద్దెనిమిది రోజులు బాగానే నడిచింది. పందొమ్మిదో రోజు ఆదివారం కదా అని పొద్దున్నే మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లాను. ఐస్‌క్రీమ్ షాపులు ఇంకా తెరవలేదు. ఒక మెట్టు మీద కూర్చుని గంటన్నర గీశాను. గడియారం టవర్, కమాన్లు, రాళ్ల వరసలు ఒక్కొక్కటీ. అంత ఓపిక నాలో ఉందని నాకే తెలియదు. చివర్లో ఆకాశం వేద్దామని లేత నీలంలో ముంచిన బ్రష్ ఆనించానో లేదో, టవర్ కరిగిపోయింది. నల్లగీత ముందు ఊదాగా తిరిగి, తర్వాత ఆకాశమంతా పాకింది. టిష్యూతో అద్దితే ఇంకా ఘోరం. కాళ్ల దగ్గర పావురాలు, చేతిలో బూడిదరంగు చెరువు.

పుస్తకం మూసేసి ఇంటికొచ్చాను. మర్నాడు తీయలేదు. ఆ మర్నాడు "నిన్నటిది కూడా కలిపి రెండు వేద్దాంలే" అనుకున్నాను. వారం తిరిగేసరికి ఏడు పేజీల బాకీ. ఇప్పుడు ఇరవై. చిట్టీ డబ్బు ఎగ్గొట్టినవాడు సందు మార్చి నడిచినట్టు, ఆ షెల్ఫు వైపు చూడకుండా తిరుగుతున్నాను.

అసలు ఆ సిరా ఎందుకు కరిగింది? షాపులో "పక్కా వాటర్‌ప్రూఫ్ మేడమ్" అనే ఇచ్చారు. రెండోది, తార్నాక నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో వెళ్లొచ్చే ఉద్యోగం, ఇంట్లో నాలుగేళ్ల బాబు. మీరంతా టైమ్ ఎక్కడ దొరకబుచ్చుకుంటున్నారు? ఇంకోటి, ఎవరైనా వెనక నిలబడి చూస్తే నాకు చెయ్యి వణుకుతుంది. దానికి మందేమైనా ఉందా?

ఉప్మాపెన్సిల్ · రాత్రి 10:51

"కాళ్ల దగ్గర పావురాలు, చేతిలో బూడిదరంగు చెరువు" అని రాయగలిగిన మనిషి స్కెచ్‌బుక్ వదిలేయకూడదు. ముందు ఆ పేజీ ఫొటో పెట్టండి. చెడిపోయిన పేజీలు చూడ్డానికే నేనిక్కడికి వస్తాను. బాగున్నవి చూస్తే కడుపుమంట.

నీలిమందు · ఫిబ్రవరి 9, ఉదయం 6:20

రంగుల ల్యాబులో ఉద్యోగం చేసేవాణ్ని కాబట్టి సిరా సంగతి నేను చెప్తాను.

ఫౌంటెన్ పెన్ను సిరాల్లో ఎక్కువ భాగం డై. పంచదార నీళ్లలో కరిగినట్టు రంగు నీళ్లలో కరిగి ఉంటుంది. గీత ఆరిందంటే నీళ్లు పోయాయనే. మళ్లీ తడి తగిలితే రంగు లేచి వచ్చేస్తుంది. పైగా చాలా నల్ల సిరాలు ఒక్క నలుపుతో చేసినవి కావు, రెండు మూడు రంగులు కలిపినవి. ఒక్కో రంగు కాగితంలో ఒక్కో వేగంతో పాకుతుంది. మీ టవర్ ముందు ఊదాగా మారింది అందుకే.

పిగ్మెంట్ సిరా వేరు. ముగ్గుపిండి నీళ్లలో కలిపితే కరగదు, తేలుతుంది చూడండి, అలాగ సన్నటి రేణువులు ఉంటాయి. నల్లవాటిలో ఆ రేణువు సాధారణంగా కార్బన్, అంటే మసి. ఒకసారి కాగితం నారలో ఇరుక్కుని ఆరిందంటే బ్రష్‌కి లొంగదు. దీపం మసిలో జిగురు కలిపి సిరా చేయడం మన దగ్గర పాత విద్యే, కొత్తేం కాదు.

మీకు పనికొచ్చేవి: సకురా వాళ్ల పిగ్మా మైక్రాన్ పెన్నులు (01 అంటే 0.25 మిల్లీమీటర్ల గీత, 05 అంటే 0.45. అంకె చూసి అదే మిల్లీమీటర్లు అనుకోవద్దు). మామూలు స్టేషనరీ షాపుల్లో దొరికే యూనిబాల్ ఐ కూడా పిగ్మెంటే. ఫౌంటెన్ పెన్నే కావాలంటే ప్లాటినం కార్బన్ బ్లాక్ లాంటి, ఆ పెన్నుల కోసమే చేసిన కార్బన్ సిరా వాడండి, కానీ నెలల తరబడి పెన్ను మూలన పడేయకండి, వారం వారం కడగండి. ఇండియన్ ఇంక్ అని బుడ్డీల్లో వచ్చేది మాత్రం ఫౌంటెన్ పెన్నులో పోయకండి. అందులో చాలావాటికి లక్క కలుపుతారు. లోపల ఆరితే పెన్ను పని అయిపోయినట్టే. అది ముంచి రాసే పాళీకి.

ఏదీ లేకపోతే మామూలు బాల్‌పెన్ను. దాని సిరా నూనె జాతిది, నీళ్లకు పెద్దగా చలించదు. ఎండలో వెలుస్తుంది, అదొక్కటే బాధ. స్కెచ్‌బుక్ ఎలాగూ మూసే ఉంటుంది.

ఇంకోటి. వాటర్‌ప్రూఫ్ సిరా అయినా అప్పుడే ఆరదు. పుస్తకం చివరి పేజీలో ఐదు గీతలు గీయండి. ఒకదాని మీద వెంటనే, మిగతావాటి మీద నిమిషానికి, ఐదు నిమిషాలకి, అరగంటకి, మర్నాడు తడి బ్రష్ రాయండి. షాపువాడి మాట కన్నా ఆ పేజీ మాట నమ్మండి.

పాతడ్రాయింగ్‌బోర్డు · ఉదయం 8:05

అమ్మాయ్, నీ బాధ నాకు బాగా తెలుసు. నేను నీటిపారుదల శాఖలో 1974లో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. కంప్యూటర్లు రాక ముందు ప్రతి నక్షా చేత్తో గీసిందే.

ట్రేసింగ్ క్లాత్ అని ఉండేది. మీ తరం చూసి ఉండరు. సన్నటి నూలుగుడ్డకి దట్టంగా గంజి పట్టించి, నునుపు చేసి, అవతలిది కనిపించేట్టు తయారుచేసేవారు. దాని మీద ముందు సుద్దపొడి రుద్ది తుడవాలి, లేకపోతే సిరా పట్టదు. రూలింగ్ పెన్నుకి రెండు రేకుల ముక్కు, పక్కన చిన్న స్క్రూ. స్క్రూ తిప్పితే గీత లావు మారుతుంది. రేకుల మధ్య సిరా చుక్క పెట్టి గీయడమే. తప్పు పోతే బ్లేడుతో పైపైన గీకి, వేలిగోటితో నునుపు చేసి మళ్లీ గీసేవాళ్లం.

ఆ గుడ్డకి ఒక్కటే శత్రువు, నీటిచుక్క. గంజి కదా, చుక్క పడ్డచోట తెల్లటి మచ్చ. మే నెలలో ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగురుతాయని ఆపేవారు. మణికట్టు కింద తువ్వాలు, నుదుటికి ఇంకోటి. ఒకరోజు స్పిల్‌వే సెక్షను (డ్యామ్‌లో మిగులు నీళ్లు బయటికి పోయే దారి నక్షా), పదకొండు రోజుల పని, ఇంకో పూటలో అయిపోతుందనగా నా గడ్డం మీంచి చెమటచుక్క జారి పడింది. కంగారులో చేత్తో తుడిచాను. అంతే. నేను గోడవైపు తిరిగి నిలబడిపోయాను. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ వచ్చి చూశారు. తిడతారనుకున్నాను. "ఇంటికి పట్టుకెళ్లు, ఉతికితే గుడ్డ బాగుంటుంది" అన్నారు. మా ఆఫీసులో చెడిపోయిన గుడ్డలన్నీ అలాగే పోయేవి. గంజి వదిలిందంటే లోపల మల్లులాంటి మెత్తటి నూలు. అందరి జేబుల్లో ఆ చేతిరుమాళ్లే. మా పెద్దమ్మాయి మొదటి జుబ్బా ఆ స్పిల్‌వేదే. ఎంత ఉతికినా ఒక మూల గీతలు పోలేదు.

ఆ పేజీ చింపకు. అంతే చెప్పదలచుకున్నది.

సిరామరక · ఉదయం 8:40

తాతగారూ, మెట్రోలో నిలబడి చదివాను. పక్కనావిడ నా మొహం చూసి "ఏమైందమ్మా" అని అడిగింది.

నీలిమందు గారూ, థ్యాంక్స్. బుడ్డీ మీద చూస్తే వాటర్‌ప్రూఫ్ అన్న మాటే లేదు. నేనే చదవకుండా కొన్నాను.

గుట్టలపిచ్చి · ఉదయం 11:15

అక్కా, పరేషాన్ గాకు. నీ అసలు తప్పు సిరా కాదు, మొజంజాహీ మార్కెట్. 1935లో గ్రానైట్‌తో కట్టిన అంత పెద్ద బిల్డింగు, కమాను పక్కన కమాను. దాన్ని పందొమ్మిదో రోజే మొత్తం గీస్తానంటే ఎట్ల? నాకు పదేళ్ల చెయ్యి ఉంది, ఇంకా దాని ఒక్క కమానే గీస్తా.

నా మాట విని బండలు గియ్యి. హైదరాబాద్‌లో ఉండి బండలు గీయకపోతే పాపం తగుల్తది. ఖాజాగూడ దిక్కు పోతే ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటయి. పేర్చింది ఎవరూ లేరు. దాదాపు 250 కోట్ల ఏండ్ల గ్రానైటు, ఎక్కడిదక్కడే పగిలి, గాలికి వానకి అంచులరిగి అట్ల గుండ్రంగా అయింది. బండ గీస్తే మస్తు లాభం ఏందంటే, బండ ముక్కు వంకర పోయిందని ఎవ్వరూ అనరు. గీత తప్పినా అది ఇంకో పగులు.

రంగు కూడా సులువు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు) రెండు కలిపితే బూడిద. నీలం ఎక్కువైతే నీడ, సియెన్నా ఎక్కువైతే ఎండ. అల్ట్రామెరీన్ రేణువు కొంచెం ముతకది, కాగితం గుంటల్లో దిగి గరుకుగా ఆరుతది. బండ తోలు అచ్చం అట్లనే ఉంటది. నలుపు బిళ్ళ ముట్టనే ముట్టకు.

మా కాలనీ వెనుక జంటబండ ఉండె. 2019లో ఆదివారం ఆదివారం పోయి పదకొండు సార్లు గీసిన. ఇప్పుడు ఆడ సెల్లార్ ఉంది, రెండంతస్తుల పార్కింగ్.

డ్రాయింగ్‌టీచరమ్మ · మధ్యాహ్నం 1:30

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను.

సిరామరకా, బాకీ అనే మాట ముందు కొట్టేయ్. ఇరవై పేజీలు ఎవరికీ బాకీ లేవు. తారీఖు ఇవాళ్టిది వేసి తర్వాతి పేజీలో మొదలుపెట్టు. ఖాళీలు వదిలి "తర్వాత నింపుతా" అనుకున్నావో, ఆ పుస్తకం ఇక ముట్టవు. మా పిల్లల రికార్డుల్లో ఏటా చూస్తాను ఈ సంగతి.

టైమ్ గురించి. టైమ్ వెతకొద్దు, రోజూ ఎలాగూ ఊరికే నిలబడే చోటు ఒకటి పట్టుకో. నాది కుక్కర్. స్టవ్ పక్కన గట్టు మీద చిన్న పుస్తకం, బాల్‌పెన్ను. పప్పు పెట్టినప్పటి నుంచి నాలుగు కూతలు వచ్చేదాకా గీస్తా. నాలుగో కూతకి పెన్ను కింద పెట్టాల్సిందే, బొమ్మ ఎక్కడుంటే అక్కడ ఆపేయడమే. ఆరేళ్లలో నా దగ్గర అల్లం ముక్కలు, సగం తరిగిన బీరకాయలు, మా ఆయన వీపు, సింకులో గిన్నెలు కుప్పలున్నాయి. గిన్నెలు గీసి గీసి అంచు కోడిగుడ్డులా ఎలా గుండ్రమవుతుందో చేతికి వచ్చేసింది. బీఎడ్‌లో కూడా అంత బాగా రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను పాతకాలందాన్ని. ముందు పెన్సిల్‌తో నాలుగు గీతలు పెట్టుకో. ఎక్కడ నేల, ఎక్కడ కప్పు, బొమ్మ పేజీలో పడుతుందా లేదా. తర్వాత పెన్ను.

ఉప్మాపెన్సిల్ · మధ్యాహ్నం 1:44

పేరులో పెన్సిల్ పెట్టుకున్నవాణ్ని, అయినా ఒప్పుకోను టీచరమ్మా. పెన్సిల్ పట్టుకుంటే రబ్బరు వస్తుంది. రబ్బరు వస్తే పది నిమిషాల బొమ్మ నలభై నిమిషాలవుతుంది. నలభై నిమిషాలు రోజూ ఎవరికుంటాయి? నేరుగా పెన్ను. గీత తప్పితే పక్కనే ఇంకోటి. రెండు గీతలూ ఉండనీ.

డ్రాయింగ్‌టీచరమ్మ · మధ్యాహ్నం 1:52

అందుకే నీ చార్మినార్‌కి మూడు మినార్లే పట్టాయి పోయినసారి.

ఉప్మాపెన్సిల్ · మధ్యాహ్నం 1:53

నాలుగోది వెనకుంది.

గుట్టలపిచ్చి · మధ్యాహ్నం 2:20

ఇద్దరికీ ఒక మాట. లక్ష్మా గౌడ్ గారి పెన్ను బొమ్మలు ఎప్పుడన్నా దగ్గర నుంచి చూసిన్రా? మెదక్ దిక్కు నిజాంపూర్ మనిషి. చెట్టు, మేక, మనిషి, అన్నీ సన్న గీతల్లోంచి లేస్తయి, గీత పక్కన గీత. కింద పెన్సిల్ ఉందా లేదా అని నేను వెతకలేదు. ఆ గీతలు చూసినంక ఇంటికి వచ్చి నేను వారం రోజులు ఒక్క ఆకునే గీసిన.

పాతడ్రాయింగ్‌బోర్డు · సాయంత్రం 4:10

మా ఆఫీసులో పెన్సిల్ లేకుండా సిరా పెడితే మెమో ఇచ్చేవారు. కానీ అది డ్యామ్. పొరపాటైతే ఊళ్లు మునుగుతాయి. బీరకాయ గీస్తే ఏం మునుగుతుంది? రోజువారీ పుస్తకానికి నేను ఉప్మా బాబు పక్షం. పెద్ద బొమ్మకి టీచరమ్మ పక్షం.

బాపు గారి గీత చూసి అందరూ ఒక్క ఊపులో వేశారంటారు. ఆ ఊపు రావడానికి ఎన్ని వేల బొమ్మలు పట్టాయో ఎవరూ లెక్కపెట్టరు.

కోఠికాగితం · సాయంత్రం 7:35

అందరూ సిరా దగ్గరే ఆగిపోయారు. సగం తప్పు కాగితానిది. సిరామరక గారూ, మీ పుస్తకం ఎన్ని జీఎస్ఎం?

సిరామరక · రాత్రి 9:02

అట్ట మీద 110 అని ఉంది. రెండొందల పేజీలు, చూడ్డానికి లావుగా ముచ్చటగా ఉందని తీసుకున్నా.

కోఠికాగితం · రాత్రి 9:30

అదీ సంగతి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో. జిరాక్సు కాగితం 70, 80. నీటిరంగులకు సాధారణంగా 300 వాడతారు. 110 మీద వాష్, అంటే నీళ్లెక్కువ కలిపిన రంగు పరిచితే, అప్పడంలా లేస్తుంది. తేలికపాటి రంగు అద్దడానికి 200 ఉన్నా సర్దుకోవచ్చు.

బరువొక్కటే చాలదు. కాగితానికి సైజింగ్ అని చేస్తారు. తాతగారు చెప్పిన గంజిలాంటిదే అనుకోండి, కాటన్ చీరకి పెట్టినట్టు. గంజి లేని చీర మీద నీళ్లు పడితే పీల్చేస్తుంది, ఉన్నదాని మీద కాసేపు నిలబడుతుంది. మంచి కాగితం మీద రంగు కాసేపు పైన ఆడుతుంది, మనకి కదిపే వ్యవధి ఇస్తుంది. నూటికి నూరు శాతం కాటన్ కాగితం తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, పొర మీద పొర వేయొచ్చు. చెక్కగుజ్జు కాగితం మీద రంగు పైపైనే ఉంటుంది. కింది పొర లేచిపోతుంది కానీ తప్పు తుడుచుకోవడం సులువు. రోజూ గీసేవాళ్లకి రెండోది చాలు. ఖరీదైన కాగితం పెట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. ఇది నా అనుభవం. కాటన్ పుస్తకం ఒకటి రెండేళ్లుగా పెళ్లిచీరలా బీరువాలో ఉంది.

నేనేం చేస్తానంటే, 22 అంగుళాలు 30 అంగుళాల ఇంపీరియల్ షీట్లు తెస్తాను. మూడుసార్లు సగానికి సగం చింపితే ఎనిమిది ముక్కలు. ఒక్కోదాన్ని మడిస్తే ఐదున్నర, ఏడున్నర సైజు పుస్తకం. ఒక షీటుకి 32 పేజీలు. మూడు షీట్లు చాలు, 96 పేజీలు. కోఠిలో నాకు తెలిసిన బైండరు ముసలాయన దారంతో కుట్టి గుడ్డ అట్ట వేసిస్తాడు. జిగురు బైండింగ్ వద్దని గట్టిగా చెప్పాలి, పేజీలు బల్లపరుపుగా తెరుచుకోవు. మొదటిసారి ఇచ్చినప్పుడు ఖాళీ కాగితాలు చూసి "లోపల ఏం లేదేంటి" అన్నాడు. మూడో పుస్తకానికి ఇచ్చినప్పుడు రెండోది తెచ్చి చూపించమన్నాడు. షాపులో పని ఆపి అన్ని పేజీలూ తిప్పాడు. మాట్లాడలేదు. అట్టకి మాత్రం ఎర్ర గుడ్డ వేశాడు, నేను అడగలేదు.

నీలిమందు · రాత్రి 9:48

చింపడం అన్నారు కాబట్టి, కత్తెర వద్దు. మడత మీద గోరుతో గట్టిగా రుద్ది, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు మడిచి నెమ్మదిగా చింపితే అంచు నారనారగా అందంగా వస్తుంది.

సిరామరక · ఫిబ్రవరి 12, రాత్రి 10:15

మూడు రోజులు వేశాను. యూనిబాల్ ఐతో. సాయంత్రం రాయదుర్గంలో ఎక్కితే మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. ఇన్నాళ్లూ ఆ సీటులో ఫోన్ చూసుకున్నాను. మాదాపూర్ దాకా ఎదుటివాళ్ల చెప్పులు, బ్యాగులు గీశాను. అమీర్‌పేట్ వచ్చేసరికి జనం నిండిపోయి ఏమీ కనిపించదు, అదే నా నాలుగో కూత. రంగు ఇంటికెళ్లాక, బాబు పడుకున్నాక.

కానీ వెనకనుంచి చూసే బాధ అలాగే ఉంది. ఇవాళ ఒకావిడ తన కాళ్లే గీస్తున్నానని కనిపెట్టి కాళ్లు వెనక్కి లాక్కుంది. దొంగతనం చేసినట్టనిపించింది.

డ్రాయింగ్‌టీచరమ్మ · రాత్రి 10:40

కాళ్లు లాక్కున్నావిడకి నవ్వి పేజీ చూపించేయాల్సింది. వద్దంటే ఆపేయాలి, అది మర్యాద. ఆడవాళ్ల మొహాలు తెలిసేలా గీసి ఎక్కడా పెట్టకు. నేను మొహాలే వేయను, జడలు వేస్తాను. మెట్రోలో జడలు చూడు, ఎన్ని రకాలో!

ఒక్కదానివే కూర్చోవడం కష్టమైతే గుంపుతో వెళ్లు. 2007లో సియాటిల్‌లో గాబ్రియేల్ కంపనారియో అనే పాత్రికేయుడు అర్బన్ స్కెచర్స్ అని మొదలుపెట్టాడు. ఫొటో చూసి కాకుండా, ఉన్నచోట కూర్చుని కళ్లెదుట ఉన్నదే గీయాలన్నది వాళ్ల మొదటి నియమం. మన ఊళ్లోనూ అలా కలిసి కూర్చునేవాళ్లున్నారు. పదిమంది పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకే మొహమాటం.

ఉప్మాపెన్సిల్ · రాత్రి 11:05

నా అనుభవం ఒకటి. ఒక పాత కట్టడం దగ్గర (ఏదని అడగొద్దు) సెక్యూరిటీ అతను వచ్చి "కెమెరా టికెట్ ఉందా" అన్నాడు. ఇది కెమెరా కాదన్నాను. "బొమ్మ వస్తుందా లేదా?" అన్నాడు. వస్తుందనడానికి నాకు ధైర్యం చాలలేదు. బయటికి నడిచాను. గేటు బయట తాళంకప్ప గీసుకుని ఇంటికొచ్చా. ఆ నెలంతటికీ మంచి పేజీ అదే.

వెనక నిలబడేవాళ్ల విషయంలో నా పద్ధతి: గోడకి వీపు ఆనించి కూర్చోవడం. ఇరానీ హోటల్లో అయితే మూల టేబులు. చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు చెప్తే అరగంట ఎవరూ లేపరు. బ్రష్ మాత్రం చాయ్‌లో ముంచకండి. నేను రెండుసార్లు ముంచాను. ఒకసారి తాగాను కూడా.

గుట్టలపిచ్చి · ఫిబ్రవరి 13, ఉదయం 7:30

ఎండాకాలం వస్తుంది కాబట్టి ఇప్పుడే చెప్పి పెడుతున్న. ఏప్రిల్‌లో పదింటికి బయట వాష్ వేస్తే బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకి పోయేలోపు ఆరిపోతది, మధ్యలో గట్లు పడతయి. కాగితం ముందే తడుపుకో, నీడలో కూర్చో, పొద్దున ఎనిమిది లోపల ముగించు. వానాకాలం ఉల్టా. రాత్రి వేసిన పేజీ పొద్దునకీ చల్లగా ఉంటది. ఆరకముందే మూస్తే రెండు పేజీలు అతుక్కుంటయి, నాలుగైదు రోజులు మూసి పెడితే బూజు వాసన. తేనె కలిపిన రంగులుంటాయి, అవి గట్టిగా ఆరవు, ఆ సీజన్‌లో డబ్బా తెరిచి పెడితే చీమల జాతర. జూలైలో పెన్ను మాత్రమే వాడు, రంగు ఇంట్లో ఫ్యాన్ కింద.

నీలిమందు · ఉదయం 8:10

రంగుల డబ్బా గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తా. పాత జామెట్రీ బాక్సు, అందులో నీళ్లసీసా మూతలు నాలుగు డబుల్ టేపుతో అంటించండి. ట్యూబు రంగు పిండి రెండ్రోజులు ఆరనిస్తే బిళ్ళ తయారు. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా, ఒక పసుపు, ఒక గులాబీ ఎరుపు. ఎరుపు కొనేటప్పుడు ట్యూబు మీద పీఆర్ 83 అని ఉంటే వద్దు. అది పాత అలిజరిన్, వెలుతురుకి వెలిసిపోతుంది. ఆకుపచ్చ కొనకండి. మన వేపచెట్టు పచ్చ ఏ ట్యూబులోనూ లేదు. పసుపులో నీలం కలిపి, సియెన్నా చిటికెడు వేస్తే వస్తుంది.

కోఠికాగితం · ఫిబ్రవరి 13, రాత్రి 9:20

ఎవరూ ఎత్తని మాట నేనెత్తుతా. సిరామరక గారూ, మీరు ఆ పద్దెనిమిది రోజులూ ఇన్‌స్టాలో పెట్టారా?

సిరామరక · రాత్రి 9:26

పెట్టాను. "డే 1, డే 2" అని. పందొమ్మిదో రోజు ఏం పెట్టాలో తెలియలేదు. అదీ ఒక కారణమే.

కోఠికాగితం · రాత్రి 9:41

అనుకున్నా. నేనూ ఏడాది పెట్టాను. చార్మినార్ వేస్తే మూడొందల లైకులు, ఉడకబెట్టిన గుడ్డు వేస్తే పదకొండు. మూడో నెలకి గుడ్లు మానేశాను. ఆరో నెలకి రోజూ గీయడమే మానేశాను, ఎందుకంటే రోజూ చార్మినార్ దగ్గరికి ఎవరు వెళ్తారు?

ఉప్మాపెన్సిల్ · రాత్రి 9:58

నాకు మాత్రం పెట్టకపోతే చెయ్యి లేవదు. ఎవరో చూస్తున్నారన్న భయమే నా అలారం. అక్టోబర్ నెలంతా రోజుకో సిరా బొమ్మ వేసే ఇంక్‌టోబర్ ఉంది కదా, 2009లో జేక్ పార్కర్ తన చెయ్యి బాగుపడాలని పెట్టుకున్న పని. లోకమంతా పట్టుకుంది. అది లేకపోతే నేను పెన్నే పట్టేవాణ్ని కాదు. అందరికీ ఒకే మందు పనిచేయదు.

డ్రాయింగ్‌టీచరమ్మ · రాత్రి 10:12

ఒప్పుకుంటా. కానీ నెంబర్లు వేయకు. "డే 19" అని రాస్తే 20 అడుగుతుంది. తారీఖు రాస్తే ఏమీ అడగదు.

సిరామరక · మార్చి 16, రాత్రి 10:30

చాలా రోజులైంది. లెక్క చెప్పాలి కదా. ఫిబ్రవరి 10 నుంచి ఇవాళ్టికి 35 రోజులు, వేసినవి 27 పేజీలు. బాబుకి జ్వరం వచ్చిన ఐదు రోజులు లేవు, ఆఫీసు రిలీజ్ ముందు మూడు లేవు. తారీఖులే వేశాను, కాబట్టి ఖాళీలు కనిపించట్లేదు. జ్వరం తగ్గుతుండగా ఒకరోజు థర్మామీటరు, ఓఆర్ఎస్ గ్లాసు గీశాను. ఆ పేజీ ఇప్పుడు తీస్తే ఆ గది వాసన కూడా వస్తోంది.

కోఠికాగితం గారూ, మీ బైండరు దగ్గరికి వెళ్లాను. లోపల ఏం లేదేంటి అని నన్నూ అడిగాడు.

మొజంజాహీ పేజీ చింపలేదు. నిన్న దాని మీదే, ఆ బూడిదరంగు ఆరిన చోట, తెల్ల జెల్‌పెన్నుతో పావురాలు గీశాను. వానలో మార్కెట్ అనుకుంది మా అత్తగారు. ఫొటో పెడుతున్నా. ఉప్మా గారూ, కడుపుమంట రాకపోతే చెప్పండి.

ఉప్మాపెన్సిల్ · రాత్రి 10:34

వచ్చింది.

గుట్టలపిచ్చి · రాత్రి 10:50

మస్తుంది అక్కా. ఇప్పుడన్నా బండల దగ్గరికి రా.

పాతడ్రాయింగ్‌బోర్డు · మార్చి 17, ఉదయం 6:45

అమ్మాయ్, మీ అందరి మాటలు విని మా మనవడి చేత ఒక మైక్రాన్ తెప్పించాను. 01. జుబ్బా ఇంకా పెట్టెలోనే ఉంది, దాన్నే గీద్దామని కూర్చున్నాను. మూల గీతలు కూడా ఉన్నాయి. అయితే గీత మరీ సన్నగా పడుతోంది. పెన్ను అంతా తిప్పి చూశాను. దీనికి స్క్రూ ఎక్కడుంటుంది?